పదిగంటల బాబాయి కన్ను

మా ఫిజిక్సు డిపార్ట్‌మెంటులో రోజూ సూర్యుణ్ణి చూసిన మనిషి ఒక్కడే. ఆయన పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పినవాడు. తక్కినవాళ్ళం సూర్యుడి గురించి చదివాం, బోర్డు నిండా సమీకరణాలు రాశాం, ఉపన్యాసాలు దంచాం, ఆ పేరు చెప్పుకుని ప్రమోషన్లు కూడా కొట్టాం. చూసింది మాత్రం ఆ అటెండరే. ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి. ఆ పనికి నాకంటే అనర్హురాలు లేదు, ఎందుకంటే ఆయన నోట్లో మట్టి కొట్టింది నేనే. కానీ ఆ సంగతి తెలిసినదాన్ని కూడా నేనొక్కదాన్నే కనక రాయక తప్పదు.

ఆయన్ని అందరం పదిగంటల బాబాయి అనేవాళ్ళం. ఉదయం సరిగ్గా పదింటికి మూడో అంతస్తు పైనున్న గుమ్మటంలోకి ఇనుప నిచ్చెనెక్కి వెళ్ళేవాడు. వైస్ చాన్సలరు ఎదురొచ్చినా సరే, పదవుతోందండీ అని పక్కకు తప్పుకుని పోయేవాడని చెప్పుకునేవాళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ గుమ్మటం చక్రాలకు నూనె వెయ్యడానికి పనిలో చేరాడు. రేకుల గుమ్మటం, తాడు లాగితే కిర్రుమంటూ తిరిగేది. లోపల ఓ పాత టెలిస్కోపు. దాన్ని సూర్యుడివైపు తిప్పితే, వెనక బిగించిన పలక మీది తెల్లకాగితంపై సాసరంత సూర్యుడు పడతాడు. ఆ వెలుగులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవే సూర్యుడి మచ్చలు. వాటిని పెన్సిలుతో ఎక్కడివక్కడ గీసి, గుంపులెన్ని, చుక్కలెన్ని అని లెక్క రాయాలి. అప్పటి ముసలి ప్రొఫెసరు ఓ రోజు జ్వరమొచ్చి పైకెక్కలేక, నూనె వేసే ఈయన్నే గీసుకు రమ్మన్నాడట. తెచ్చింది చూశాక ఆ ప్రొఫెసరు మళ్ళీ పెన్సిలు పట్టలేదు.

బాబాయికి ఆ పనిలో బోలెడు పట్టింపులు. పదింటిలోపు పేపరు చదివేవాడు కాదు, కన్ను అలసిపోతుందట. గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. వృత్తాలు ముందురోజే గీసి పెట్టుకునేవాడు. ఓ బిస్కెట్ల డబ్బా మూత సరిగ్గా కొలతకు సరిపోయింది, ఇరవై ఆరేళ్ళూ అదే మూత. అన్నిటికంటే పెద్ద పట్టింపు ఇంకోటుంది. ఏ చుక్కనైనా గీసేముందు కాగితాన్ని కాస్త కదిపి చూసేవాడు. కాగితంతోపాటు కదిలితే అది కాగితం మీది నలక. కాగితం కదిలినా తను ఉన్నచోటే ఉంటే అది సూర్యుడి మచ్చ. మూడుసార్లు కదిపినా అనుమానం తీరకపోతే గీసేవాడే కాదు. మబ్బు పడితే ఖాళీ వృత్తంలో మబ్బు అని రాసి దిగిపోయేవాడు. "ఉన్నది ఉన్నట్టు పంపాలి. అందంగా పంపడం మన పని కాదు" అనేవాడు. కాగితం మూలన సంతకానికి బదులు చిన్న సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఎప్పుడూ నట్టనడుమే పడేది.

నెలకోసారి ఆ కాగితాల కట్ట దూరదేశంలోని ఓ కేంద్రానికి వెళ్ళేది. సూర్యుడి మచ్చలు లెక్కపెట్టేవాళ్ళ కాగితాలు అన్ని దేశాలనుంచీ అక్కడికే చేరతాయి. ఒకరి కన్ను చురుకు, ఒకరిది మందం. అందుకని ఆ కేంద్రంవాళ్ళు ఒక్కొక్కరి కంటికీ ఒక అంకె కట్టి, వాళ్ళ లెక్కను ఆ అంకెతో గుణిస్తారు. బాబాయి అంకె సున్నా పాయింట్ ఎనభై రెండు. విశేషం అంకెలో లేదు, అది ఇరవై ఆరేళ్ళూ ఇంచుమించు కదలకపోవడంలో ఉంది. పెద్దపెద్ద చదువులవాళ్ళ అంకెలు కూడా వయసు మీదపడేకొద్దీ జారిపోతుంటాయి. పిన్ని, అంటే బాబాయి భార్య, మా ఆయన కంటికి ఫారిన్‌వాళ్ళు నంబరిచ్చారని వీధంతా చెప్పుకునేది. వాళ్ళు కళ్ళజోడు నంబరనుకుని, అయ్యో పాపం, ఎప్పట్నుంచీ అని పరామర్శించేవాళ్ళు. బాబాయి ఈ కథ చెప్పి చెప్పి నవ్వేవాడు.

నేను ఎం.ఎస్సీ.లో ఖగోళ భౌతికశాస్త్రం తీసుకుని ఆ డిపార్ట్‌మెంటులో చేరాను. చిన్నప్పట్నుంచీ లెక్కల్లో ఫస్టు, ఆ పొగరు నెత్తికెక్కి కూర్చుంది. బాబాయి నన్ను లెక్కలమ్మాయీ అని పిలిచేవాడు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతుంటాడు గనక మచ్చలు రోజుకు పదమూడు డిగ్రీల చొప్పున జరుగుతాయని ఓ రోజు సమీకరణం రాసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని రెండుచేతులతో పట్టుకుని, ఇన్నేళ్ళూ నేను గీస్తున్నది దీన్నేనా అన్నాడు. ఆ మర్యాదకి నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఆయన మాత్రం కాగితాన్ని తిరిగిచ్చేస్తూ, అయితే వెనకవైపున్న మచ్చల సంగతి ఇందులో ఎక్కడుందని అడిగాడు. కనపడనిది లెక్కలో ఎలా వస్తుంది బాబాయ్ అని నవ్వేశాను. ఆ ప్రశ్న నా చెవికెక్కి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

నా రెండో ఏడాదిలో పిన్నికి కడుపులో గడ్డకి ఆపరేషనన్నారు. బాబాయి జన్మలో మొదటిసారి పొడుగు సెలవు పెట్టాడు, పద్నాలుగో తారీకు నుంచి నెలాఖరుదాకా. అప్పటికి కొత్త హెడ్డొచ్చాడు. ఒక్క కాగితం కూడా ఖాళీగా పోకూడదని ఆయన నన్ను పిలిచి ఆ పద్దెనిమిది రోజులూ గీయమన్నాడు. దానికో పద్ధతుంది. వేరేవాళ్ళు గీస్తే కాగితం మీద ‘బదులు’ అని రాయాలి. అప్పుడు కేంద్రంవాళ్ళు ఆ రోజుల్ని అసలు పరిశీలకుడి ఖాతాలో వెయ్యరు. వెళ్ళేముందు బాబాయి గుమ్మటం తాళంచెవి నా చేతిలో పెట్టి, మూత ఎక్కడుందో, పెన్సిలు ఎలా చెక్కాలో అన్నీ అప్పగింతలు పెట్టాడు. పిన్ని ఆపరేషను గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

మూడు రోజులు బుద్ధిగా ఎక్కాను. బదులు అని రాశాను, హెడ్డు ఆ మూడింటినీ పట్టిపట్టి చూసి సరేనన్నాడు. నాలుగోరోజు పొద్దున లేచేసరికి ఒళ్ళు బరువుగా ఉంది. చెప్పుకోదగ్గ జబ్బేమీ కాదు, బద్ధకం. పైగా పదిరోజుల్లో క్వాంటమ్ మెకానిక్స్ పరీక్ష. హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని ఆలోచించాను. మచ్చలు రోజుకు పదమూడు డిగ్రీలు జరుగుతాయని తెలుసు, నిన్నటి బొమ్మ చేతిలో ఉంది, ఇంక ఎండలో నిచ్చెనెక్కడమెందుకు? లెక్కలు రానివాళ్ళు ఎక్కుతారు. ఆ మధ్యాహ్నం కాంపస్ తీసుకుని పదిహేను కాగితాల మీద పదిహేను వృత్తాలు గీశాను. మూతతో గీసినవి గుమ్మటంలోనే ఉన్నాయి, వాటికోసం కూడా లేవబుద్ధి కాలేదు. ఉన్న మచ్చల్ని రోజురోజుకీ పడమటికి జరిపాను, అంచుకు చేరినవాటిని సన్నగా చేశాను, దాటినవాటిని తీసేశాను. చూసేవాళ్ళకు నమ్మకం కుదరాలని రెండు రోజులు మబ్బు కూడా పెట్టాను. ఎంత తెలివో చూడండి.

అంతటితో ఆగినా బాగుండేది. బదులు అని రాస్తే హెడ్డు మళ్ళీ పట్టిపట్టి చూస్తాడు. బాబాయి గుర్తుంటే ఎవరూ చూడరు, ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ చూడలేదు. అందుకని నెలాఖరున, పదిహేను కాగితాల మూలల్లోనూ చిన్న సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టాను. ఒక్కోదానికి ఒక్క క్షణం పట్టింది. కట్ట హెడ్డు బల్లమీద పెడితే, సెలవు సంగతి మరిచిపోయి, ఏదో ఫోనులో మాట్లాడుతూ ముద్ర కొట్టేశాడు. అదేరోజు పోస్టులో వెళ్ళిపోయింది.

ఒకటో తారీకున బాబాయి వచ్చాడు. పిన్ని కులాసాగా ఉందన్నాడు. పైన పని ఎలా సాగిందని అడిగాడు. అన్నీ గీశానని, బదులు అని రాసి పంపానని చెప్పాను. ఆయన జేబులోంచి కొత్త పెన్సిలు తీసి నాకిచ్చాడు, ఆస్పత్రి ఎదురుగా ఉన్న కొట్లో మంచిది దొరికిందట. తీసుకున్నాను.

అయిదు నెలల తర్వాత కేంద్రంనుంచి ఉత్తరమొచ్చింది. ఈ అర్ధసంవత్సరం మీ పరిశీలకుడి లెక్క బాగా తప్పింది, కంటి అంకె నిలకడగా లేదు, మా నియమం ప్రకారం మీ స్టేషన్ను జాబితాలోంచి తీసేస్తున్నాం, పాత సంవత్సరాల లెక్కలు కూడా తేలేదాకా పక్కన పెడుతున్నాం అని దాని సారాంశం. హెడ్డు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. బాబాయిని పిలిపించాడు. ఉత్తరంతో వచ్చిన అంకెల పట్టిక చదివే ఓపిక హెడ్డుకెక్కడిది, నన్ను పిలిచి చూడమన్నాడు.

చూశాను. ఆరు నెలల్లో తప్పు ఉన్నది నా పదిహేను రోజుల్లోనే. సరిగ్గా నేను గీయడం మానేసిన రోజున, సూర్యుడి వెనకవైపునుంచి పెద్ద మచ్చల గుంపొకటి తూర్పు అంచున బయటికొచ్చింది. ఆ ఏడాది మొత్తంలో అంత పెద్దది లేదు. ప్రపంచమంతా దాన్ని గీసింది. అది పద్నాలుగు రోజులు సూర్యుడి ముఖం మీద తాపీగా నడిచి, బాబాయి తిరిగొచ్చేముందు రోజున పడమటి అంచు దాటిపోయింది. నా బొమ్మల్లో అది లేదు. నా లెక్కకి వెనకవైపు ఏముందో తెలియదు. ఆయన అడిగిన ప్రశ్నే పట్టిక నిండా అచ్చేసి ఉంది.

బాబాయి బల్లకి అటుపక్క నిలబడి ఉన్నాడు. హెడ్డు అడిగాడు, తప్పులు ఒకచోటే ఉన్నాయా, అంతటా ఉన్నాయా అని. నా పరీక్షలు, నా సీటు, మా నాన్న మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకునైనా ఉంటాడు, నేను మూసుకోలేదు.

"అక్కడక్కడా ఉన్నాయండీ, అన్ని నెలల్లోనూ. కంటి లోపంలా ఉంది" అన్నాను.

బాబాయి ఆ పట్టిక అడిగి తీసుకోలేదు. పరాయి భాష, అన్నీ అంకెలు. నా ముఖంలోకి చూసి, లెక్కలమ్మాయి చెప్పిందంటే అంతే అయ్యుంటుందండీ అని హెడ్డుకు చెప్పాడు. సెలవు రోజుల మీద అనుమానం రావడానికి వీల్లేదు, అవి బదులు రోజులని నేనే చెప్పాను కదా. ఇక మిగిలింది ఆయన కన్నే.

ఆ వారమే కంటాస్పత్రికి వెళ్ళాడు. డాక్టరు అన్నీ చూసి, నీ కళ్ళు ఇరవయ్యేళ్ళవాడి కళ్ళలా ఉన్నాయయ్యా అన్నాడట. ఇంకో ఆస్పత్రికి వెళ్ళాడు, అక్కడా అదే మాట. మూడోచోటా అంతే. ముగ్గురు డాక్టర్లూ బాగుందన్నారు, ఒక్క అబద్ధాలకోరు బాగాలేదంది, ఆయన అబద్ధాలకోరునే నమ్మాడు. డాక్టర్లు గోడమీది అక్షరాలు చదివిస్తారు, సూర్యుణ్ణి చూపించరు కదా అనేవాడు.

జాబితాలోంచి తీసేసినా కొన్నాళ్ళు పదింటికి పైకెక్కాడు. ఓసారి నన్ను కేకేశాడు. వెళ్ళేసరికి పలక ముందు వంగి కాగితాన్ని కదుపుతున్నాడు. కదిపి చూస్తాడు, ఆగుతాడు, మళ్ళీ కదుపుతాడు. ఎన్నిసార్లు కదిపాడో తెలియదు, చెమటతో చొక్కా వీపుకంటుకుపోయింది.

"అమ్మాయ్, ఇక్కడ మచ్చ ఉందా, నాకే అలా కనిపిస్తోందా?"

ఉంది. చిన్న గుంపు, మూడు చుక్కలు, స్పష్టంగా ఉన్నాయి. ఉంది బాబాయ్, మూడున్నాయి అన్నాను. ఆయన చాలాసేపు చూసి, నామీద జాలిపడి చెప్తున్నావులే అని పెన్సిలు కింద పెట్టేశాడు. ఆ రోజు కాగితం ఖాళీగా ఉంది. మర్నాడు హెడ్డుకి తనే అర్జీ పెట్టుకుని స్టోరురూముకు మారిపోయాడు. గుమ్మటానికి తాళం పడింది.

ఆయనకి చేతివాచీలు బాగుచేసే విద్య కూడా ఉండేది. క్లర్కులూ లెక్చరర్లూ అందరూ ఆయనకే ఇచ్చేవాళ్ళు, తీరిక వేళల్లో సరదాగా చేసిపెట్టేవాడు. అదీ మానేశాడు, నా కంటిని నమ్మి వస్తువు పాడుచేసుకోకండి అన్నాడు. ఎవర్ని గుద్దేస్తానోనని సైకిలు కూడా అమ్మేశాడు. రోజూ మూడు మైళ్ళు నడిచొచ్చేవాడు. నేను హాస్టలు కిటికీలోంచి చూసేదాన్ని.

మరి నేనేం చేశానని అడగరేం? పై చదువు చదివాను. సూర్యుడి మచ్చలు ఏ అక్షాంశం దగ్గర ఎంత వేగంతో తిరుగుతాయన్నది నా పరిశోధన. దానికి ఆధారం ఏమిటంటే బాబాయి గీసిన ఇరవై ఆరేళ్ళ బొమ్మలు. కేంద్రం పనికిరావన్నా, మా గైడు పాతబీరువాలో నకళ్ళున్నాయి, వాడుకోమన్నాడు. ఎనిమిదివేల పైచిలుకు బొమ్మలు కొలిచాను. ఒక్కచోట, ఒక్క చుక్క తేడాగా లేదు. కొలిచే ప్రతి బొమ్మా నన్ను తిట్టినట్టే ఉండేది. నా పదిహేనింటి నకళ్ళ దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేశాను. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల్లో ఆయనకి ఒక వాక్యం రాశాను. డాక్టరేటొచ్చింది, అదే డిపార్ట్‌మెంటులో ఉద్యోగమొచ్చింది. కొలతల్లో తప్పులు ఎలా వస్తాయో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. పరిశీలకుడి దోషం అన్న మాట వచ్చినప్పుడల్లా బోర్డువైపు తిరిగి ఏదో ఒకటి రాసేదాన్ని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఏమిటో నన్నడగండి.

ఒకసారి చెప్పేద్దామనే స్టోరురూముకు వెళ్ళాను. బాబాయి కౌంటరు దగ్గర సుద్దముక్కల పెట్టెలు తడిమి తడిమి లెక్కపెడుతున్నాడు, చూపుని నమ్మడం లేదన్నమాట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లెక్కలమ్మాయి కాస్తా అప్పటికి మేడమైంది. ఏం కావాలమ్మా అన్నాడు. సుద్దముక్కలన్నాను. ఓ పెట్టె ఇచ్చి, రిజిస్టరులో సంతకం చేయించుకున్నాడు. ఆ పెట్టె చాలా ఏళ్ళు నా బీరువాలో అలాగే ఉంది.

ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నేనే మాట్లాడాను, బాగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆయన ఇంటి వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఏళ్ళు దొర్లాయి. హెడ్డు పోయాడు. ఇక ఈ సంగతి నాతోనే పోతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే అలా అనుకున్నరోజు కాస్త సుఖంగా నిద్రపట్టింది.

ఈ ఏడాది, నేను రిటైరవ్వడానికి రెండు నెలల ముందు, కేంద్రంనుంచి మెయిలొచ్చింది. ఇప్పుడు హెడ్డుని నేనే గనక నాకే వచ్చింది. వాళ్ళు పాత కాగితాలన్నీ స్కాను చేస్తున్నారు. మీ పరిశీలకుడి వృత్తాలన్నీ ఏదో మూతతో గీసినట్టున్నాయి, పదిహేను కాగితాల్లో మాత్రం వృత్తం మధ్యలో కాంపస్ సూది గుచ్చిన చిల్లుంది, తప్పులన్నీ ఆ పదిహేనింటిలోనే ఉన్నాయి, అవి వేరేవాళ్ళు గీసినవా అని అడిగారు. తెలిసినవాళ్ళు ఎవరైనా లిఖితపూర్వకంగా చెప్తే ఆ మనిషి పని మొత్తాన్ని తిరిగి జాబితాలో చేరుస్తామన్నారు. నా బద్ధకం పొడిచిన చిల్లు ముప్ఫై ఆరేళ్ళు కాగితంలో అలాగే కూర్చుంది.

ఎవరో విద్యార్థి గీశాడు, పేరు గుర్తులేదని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాశాను కూడా. పంపే బటన్ మీద వేలు పెట్టి, తీసేశాను. చీ, ఈ వయసులో కూడానా అనిపించింది. ముందు ఆయనకి చెప్పాలి, తర్వాతే ఎవరికైనా.

మర్నాడు పదింటికి వాళ్ళ తలుపు తట్టాను. పిన్ని తీసింది. ఎన్నాళ్ళకెన్నాళ్ళకమ్మాయ్ అంటూ చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. బాబాయి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎండ ముఖాన పడుతోంది, కళ్ళు చికిలించడం లేదు.

పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు మెల్లగా పోయే జబ్బు. ఏడేళ్ళ క్రితం పక్కనుంచి వచ్చే మనుషులు కనపడటం లేదన్నాడట, తర్వాత ఎదురుగా ఉన్నదీ మసకైందట. ఆస్పత్రికి పదమంటే కదల్లేదు. "నా కన్ను ఎప్పుడో పోయింది, ఇప్పుడు కొత్తగా డాక్టరుకేం తెలుస్తుంది అనేవారమ్మా. చివరికి బలవంతాన తీసుకెళ్తే, ఒక్క నాలుగేళ్ళు ముందొస్తే చుక్కలమందుతో ఆపేవాళ్ళం కదా అన్నాడు డాక్టరు" అంది.

నేను చెప్పాలనుకున్నది ఒక నేరం. ఈ మాట విన్నాక అది రెండయింది. లేచి పారిపోదామన్న ఆలోచన వచ్చింది, రాలేదంటే అబద్ధం. పిన్ని తెచ్చిన మంచినీళ్ళు తాగకుండా పక్కన పెట్టి మొత్తం చెప్పాను. హాస్టలు గది, కాంపస్, దొంగ మబ్బులు, సున్నాలో చుక్కలు, హెడ్డు గదిలో నేనన్న మాట, కేంద్రంనుంచి వచ్చిన మెయిలు, అన్నీ. ఎక్కడా తగ్గించలేదు.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు, అది అందుకోవడం లేదు. ముందుగా బాబాయే నోరు తెరిచాడు.

"పెద్ద గుంపా?"

"చాలా పెద్దది బాబాయ్. ముప్ఫై నలభై చుక్కలుండేవట."

"పద్నాలుగు రోజులుందా?"

"ఉంది."

"నేను చూళ్ళేదు" అన్నాడు. ఆస్పత్రి వరండాలో కూర్చున్న రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టుంది. తర్వాత చెయ్యెత్తి వేళ్ళతో కళ్ళమీద మెల్లగా తడుముకున్నాడు. "అయితే నా కన్ను మంచిదేనన్నమాట."

"నీ కన్ను ఎప్పుడూ తప్పలేదు బాబాయ్. ఎనిమిదివేల బొమ్మలు కొలిచాను. ఒక్కటీ తప్పలేదు."

"ఇప్పుడా చెప్పడం?" అన్నాడు. గట్టిగా అనలేదు. "చూపుండగా చెప్పాల్సిన మాటమ్మా అది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనమే అంటాం. ఇక్కడ కాలినవి నా చేతులు కావు. నేను ఏడ్చాను, ఏడ్చే హక్కు కూడా లేదని తెలిసే ఏడ్చాను. పిన్ని నా ముందునుంచి నీళ్ళగ్లాసు తీసేసింది. ఇందాక అమ్మాయ్ అన్న మనిషి, "ఇంకేమైనా చెప్పేదుందా మేడంగారూ?" అంది. ఆవిడ కొట్టినా అంత తగిలేది కాదు.

బాబాయి ఆవిణ్ణి ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. కేంద్రంవాళ్ళకి రాయాల్సిన ఉత్తరం ఇక్కడే రాసి చదవమన్నాడు. సంచిలోంచి కాగితం తీసి, ముందు మన భాషలో రాశాను. ఫలానా సంవత్సరం, ఫలానా తేదీనుంచి ఫలానా తేదీదాకా, అప్పుడు విద్యార్థినిగా ఉన్న నేను పొరపాటున చూడకుండానే బొమ్మలు గీసి, పరిశీలకుడి గుర్తు పెట్టి పంపాను అని చదివాను.

"పొరపాటున అన్నావు."

"అవును బాబాయ్."

"పొరపాటంటే ఏంటో నాకు తెలుసమ్మాయ్. ముప్ఫై ఆరేళ్ళు పొరపాటు నాదే అనుకుని బతికాను. నీది అది కాదు. అబద్ధం అని రాయి."

కొట్టేసి, అబద్ధం అని రాశాను. నా పూర్తి పేరు, హోదా రాసి సంతకం చేశాను. మళ్ళీ మొదట్నుంచీ చదివించుకుని విన్నాడు. విన్నాక, కింద తన గుర్తు కూడా ఉండాలన్నాడు, లేకపోతే ఆ పరిశీలకుడు తనేనని వాళ్ళకెలా తెలుస్తుందన్నాడు. పిన్ని ఓ అట్టముక్క తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. పెన్ను వేళ్ళమధ్య పెట్టి, కాగితం మీద ఎక్కడ గీయాలో ఆయన చెయ్యి పట్టుకుని చూపించాను. ఊపిరి బిగబట్టాడు. సున్నా చుట్టాడు, కాస్త వంకరగా ఉన్నా కొసలు కలిశాయి. పెన్ను ఎత్తి, ఆగి, చుక్క పెట్టాడు.

"మధ్యలో పడిందా?"

పడింది బాబాయ్ అన్న మాట నా నాలిక చివరికొచ్చేసింది. అంత అలవాటు. పిన్ని నా ముఖంలోకే చూస్తోంది.

"లేదు బాబాయ్. బయట పడింది."

"ఎంత దూరం?"

"వేలెడు దూరం ఉంది."

తలాడించాడు. దిద్దడానికి ఇంకో కాగితం తెస్తానంది పిన్ని. వద్దన్నాడు.

"దిద్దకు. ఉన్నది ఉన్నట్టు పంపు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచాను. గుమ్మందాకా ఒక్కదాన్నే నడిచాను. మళ్ళీ రా అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.